లోపొరలో పెట్టిన కొంగు

నా చిన్నప్పుడు మా ఇంటి వసారాలో ఎప్పుడూ నాలుగైదు మూటలు పడి ఉండేవి. అన్నీ ఊళ్లోవాళ్ల పాత బట్టలు. మాది దూది ఏకే కుటుంబం. మా తాత దూది ఏకి పరుపులు కుట్టేవాడు, మా నాయనమ్మ బొంతలు కుట్టేది. చలి మొదలయ్యే ముందు జనం కట్టి విడిచిన చీరలు, పంచెలు, పావడాలు మూటగట్టి తెచ్చి మా వసారాలో పడేసి వెళ్లేవాళ్లు. ఆ మూటలు విప్పి గుడ్డలు వేరుచేయడం నా పని. ఆ పనంటే నాకు రోత.

రోత అన్న మాట ఊరికే వాడడం లేదు. మూట ముడి విప్పగానే లోపలి గాలి ముఖానికి కొట్టేది. ఒకరి మూటలో పొగాకు కంపు, ఒకరి మూటలో చంటిపిల్లల ఉచ్చ, ఇంకొకరి మూటలో ఎలుకల పెంటికలు. తలనూనె జిడ్డు పట్టి అట్టకట్టిన దిండు గలీబులు వచ్చేవి. ఒకసారి మడతల మధ్య ఎండిపోయిన బల్లి దొరికింది. మిరప కళ్లాల్లో పనిచేసేవాళ్ల బట్టలైతే తాకగానే తుమ్ములు, కళ్లల్లో మంట. చేతులు ఎన్నిసార్లు తోముకున్నా అన్నం ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి ఆ వాసనే తగిలేది. చాలాసార్లు ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయేదాన్ని.

దానికి తోడు, సాయంత్రాలు మసీదు అరుగు మీద మాకు అరబీ చదువు చెప్పే ఉస్తాద్ శుభ్రత గురించి పదే పదే చెప్పేవాడు. మైల గుడ్డతో నమాజు కుదరదని, శుభ్రత ఈమాన్‌లో, అంటే విశ్వాసంలో భాగమని ఆయన చెబుతుంటే నేను ముందు వరసలో కూర్చుని తల ఊపేదాన్ని. నా అసహ్యానికి ధర్మం అండ దొరికినట్టు ఉండేది. మా నాయనమ్మ వేళ్లకు పట్టిన మురికి చూసి, ఈవిడకు ఇవన్నీ తెలియవు కాబోలు అని లోలోపల అనుకునేదాన్ని కూడా.

కానీ బొంత పేర్చడం మాత్రం నాకు ప్రాణం. ఉతికి ఆరేసిన గుడ్డల్ని ముక్కలు చేసి, చాప మీద పక్కపక్కన పరిచి, మా నాయనమ్మ మంచం ఎక్కి నిలబడి పైనుంచి చూసేది. కింద కూర్చుంటే ముక్కలు కనిపిస్తాయి, పైనుంచి చూస్తేనే బొంత కనిపిస్తుంది అనేది. ఎరుపు పక్కన పసుపు పడితే కంట్లో గుచ్చుకుంటుందని, మధ్యలో వెలిసిపోయిన రంగు ఒకటి ఉండాలని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మా పనిలో ఇంకో పద్ధతి కూడా ఉంది. చూడబుద్ధి అయ్యే గుడ్డ పైన వేస్తాం. చీకిపోయింది, మరకపడ్డది లోపొరలోకి పోతుంది. ఏ ఇంటి మరకలు ఆ ఇంటి బొంత కడుపులోనే దాగిపోతాయి. ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చేది.

నాకు పదకొండేళ్లప్పటి మాట. మిరప కోతల కాలం, తెల్లవారుజామున ఇంకా మంచు పడుతోంది. మా ఊరు నల్లపాడు స్టేషన్‌కు నడిచిపోయేంత దూరం. ప్రతి ఏడూ ఒంగోలు పైనుంచి కోతలకు కూలీల ముఠాలు వచ్చి, చేలగట్ల మీద పాకలు వేసుకుని ఉండేవి. అలా వచ్చినవాళ్లలో ఒకామె ఒక పొద్దున నాలుగేళ్ల కూతుర్ని చంకనేసుకుని మా వసారాలోకి వచ్చింది. ఆవిడ తల్లి కూడా వాళ్లతో వచ్చిందట. కోతకు పోలేని వయసు, పాకలో ఉండి మనవరాలిని చూసుకునేదట. పది రోజులు మంచాన పడి, ఆ పాకలోనే పోయింది. మా ఊరి చివర దిబ్బ మీదే పూడ్చిపెట్టారు. ఇంకో నాలుగు రోజుల్లో ముఠా వేరే ఊరికి కదులుతుంది.

"పిల్లది నిద్రపోవటంలా బూబమ్మా," అంది ఆవిడ, తల్లి చీర మా నాయనమ్మ చేతిలో పెట్టి. "వాళ్లమ్మమ్మ కొంగు ముఖాన కప్పుకుని పడుకోవటం అలవాటు. కొంగు తలకాడ వచ్చేట్టు దీనికి చిన్న బొంత కుట్టిపెట్టండి. చీకట్లో తడుముకుంటే చేతికి తగలాల. ఒక్కసారి జాడిస్తే చాలు, ఉడకెయ్యబాకండి."

మా నాయనమ్మ సరేనంది. అదే రోజు పొన్నూరులో మా మేనత్తకు నొప్పులు మొదలయ్యాయని కబురు వచ్చింది. పోతూ పోతూ మా నాయనమ్మ నన్ను పిలిచి, "ఈ బొంత నువ్వే పేర్చి నువ్వే కుట్టు. కొంగు తలవైపు పైన రావాలి. మిగతాది నీ ఇష్టం," అని చెప్పింది. ఒక బొంత మొత్తం నా చేతికి రావడం అదే మొదలు.

ఆ చీర విప్పాను. ఒకప్పుడు నీలం రంగు నేత చీర. ఇప్పుడు బూడిద రంగుకు తిరిగింది. కొంగు మీద చెయ్యంత మేర గోధుమరంగు మరక, అంచుల్లో ఎండి గట్టిపడి ఉంది. ఆ వాసన ఏమని చెప్పను. రోగిష్టి మనిషి పక్క వాసన, పుల్లగా, తియ్యగా, దాని వెనక పొగ, చెమట. నీళ్లలో ముంచి పిండుతుంటే మరక కరిగి నీళ్లు వేళ్ల మధ్యనుంచి జారాయి. గోడ పక్కకు పరిగెత్తి కక్కుకున్నాను. సబ్బుతో రెండుసార్లు రుద్దాను. ఆరిన తర్వాత కూడా ఆ వాసన అలాగే ఉంది.

నా దగ్గర ఒక రేకు డబ్బా ఉండేది. దర్జీ కొట్టులో అడిగి తెచ్చుకున్న కొత్త ముక్కలు అందులో దాచుకునేదాన్ని. గంజి వాసన తప్ప ఇంకే వాసనా లేని శుభ్రమైన ముక్కలు. ఆ డబ్బా మొత్తం చాప మీద గుమ్మరించాను. మధ్యలో ఎర్ర చదరం, దాని చుట్టూ తెలుపు, ఆ చుట్టూ ఆకుపచ్చ రేకులు. తలవైపు విడిగా ఇంకో పువ్వు. మంచం ఎక్కి చూస్తే, నా కళ్లకే నమ్మకం కలగనంత బాగుంది. ఆ పువ్వు తీసి అక్కడ ఆ రోగపు గుడ్డ పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

చీకిన గుడ్డ, మరకపడ్డ గుడ్డ ఎక్కడికి పోవాలో నాకు తెలుసు. కొంగు కత్తిరించి నాలుగు మడతలు వేసి, మిగతా చీర, పాత పంచెల మధ్య, బొంత నడుమన లోపొరలో పెట్టేశాను. పైగుడ్డ కప్పి కుట్టేశాను. తప్పు చేస్తున్నానని నాకు ఏ కోశానా అనిపించలేదు. పైగా చిన్నపిల్ల ముఖానికి మైల తగలకుండా కాపాడానని, ఉస్తాద్ చూస్తే మెచ్చుకుంటాడని కూడా అనుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం మా నాయనమ్మ పొన్నూరు నుంచి వచ్చింది. కాళ్లు కడుక్కుని కూర్చుందో లేదో, ఆ కూలికి వచ్చినావిడ తన కూతుర్ని నడిపించుకుంటూ వచ్చేసింది. మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు ఎక్కాలి. నేను గర్వంగా బొంత తెచ్చి చాప మీద పరిచాను. మా నాయనమ్మ కుట్టు మీద వేలు పెట్టి పోనిచ్చి, "సూటిగానే వచ్చిందే," అంది. ఆవిడ మెప్పు అంతకంటే ఎక్కువ ఉండేది కాదు.

కూలికి వచ్చినావిడ మాత్రం బొంత తలవైపు చూసి, కాళ్లవైపు చూసి, మళ్లీ తలవైపు చూసింది.

"మా అమ్మ చీరేది పాపా?"

మా నాయనమ్మ కళ్లు నా మీద పడ్డాయి. లోపల ఉందని చెప్పవచ్చు. చెబితే, చెప్పిన మాట వినలేదని తేలిపోతుంది. "ఉతుకుతుంటే చీలికలైపోయింది," అన్నాను. "పారేశాను."

ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఎర్ర చదరం మీద చెయ్యి వేసింది. "పాతదిలే అమ్మా," అంది. "నువ్వేం చేస్తావు."

ఈలోగా ఆ పిల్ల ఏం చేస్తోందో మేమెవరం చూడలేదు. బొంత మీదికి పాకి, నాలుగు కాళ్ల మీద తిరుగుతూ, అంచు పొడుగునా ముక్కు పెట్టి వాసన చూస్తోంది. తలవైపు పువ్వు దగ్గర ఆగలేదు. రేకుల మీద ఆగలేదు. నడుమకు వచ్చి ఆగింది. చెంప ఆనించి పడుకుని, వాళ్లమ్మ వైపు చూసి, "అమ్మమ్మ ఈడుంది," అంది.

నేను కక్కుకున్న ఆ వాసనని ఆ పిల్ల పొరల కింది నుంచి వెతికి పట్టుకుంది.

"లోపలెందుకు పెట్టావు పాపా," అంది ఆవిడ, గొంతు పెంచకుండానే. "లోపల పెట్టే పని మొన్న మేం చేసే వచ్చాంగా, మీ ఊరి దిబ్బ మీద. ఇదన్నా పైన ఉంటదని గదా నీకిచ్చింది."

మా నాయనమ్మ లేచి కత్తెర తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "తప్పు మా చేతిదమ్మా," అంది ఆవిడతో. "పొద్దుగూకేలోపు ఇస్తాం, కూర్చో." తర్వాత నాతో ఒక్క మాటే అంది. "విప్పు."

మూడు రోజుల కుట్టు ఒక్కొక్క పోగే తెంపుతుంటే నాకు ఏడుపు వచ్చింది. అబద్ధానికి కాదు, పాడైపోతున్న నా పువ్వుకు. ఆ ఉక్రోషంలో నోరు జారాను. "ఉస్తాదే చెప్పాడు, మైల గుడ్డ ఒంటికి తగలకూడదని," అన్నాను.

"చెప్పాడు. నిజమే చెప్పాడు," అంది మా నాయనమ్మ. "ఒళ్లు కడుక్కోమన్నాడు, గుడ్డ ఉతుక్కోమన్నాడు. మనిషిని చూసి ముక్కు మూసుకోమన్నాడా? అబద్ధమాడిన నోరు ఏ నీళ్లతో కడగాలో చెప్పాడా? అది కూడా అడుగు రేపు."

లోపొర తెరుచుకుంది. మా నాయనమ్మ కొంగు బయటికి తీసి నా చేతికిచ్చింది. వాసన చూసి ఏముందో చెప్పమంది. కంపు అన్నాను. "కంపని అందరూ అంటారు. ఒక్కొక్కటీ చెప్పు."

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పొగ అన్నాను. పాకలో పొయ్యి అని పిల్ల తల్లి చెప్పింది. ఘాటు అన్నాను. తొడిమలు తీసి తీసి చీరకు పట్టింది అంది. చేదుగా ఏదో ఉందన్నాను. మోకాళ్లకు రాసుకునే వేపనూనె అని చెబుతూ ఆవిడ కొంచెం నవ్వింది కూడా. "రాసి రాసి సీసాలు ఖాళీ చేసేది, దొంగముండ." ఇక మిగిలింది మరక. ఆవిడే చెప్పింది. "అది ఆఖరి రోజులది. గొంతులో నీళ్లు పోసినా నిలవలా."

ఆ మరక మురికి కాదని మా నాయనమ్మ అనలేదు. అది మురికే. నేను చేత్తో నోరు మూసుకున్నాను. అది చూసి ఆవిడ, "వాంతి వస్తే పోయి చేసుకునిరా. వచ్చి కుట్టు," అంది. వెళ్లాను. నోరు పుక్కిలించి వచ్చాను. కుట్టాను. నా పువ్వు మీదనే అడ్డంగా, వెలిసిపోయిన ఆ కొంగు వేసి, చుట్టూ దగ్గర దగ్గర కుట్లు వేశాను. మా నాయనమ్మ అవతలి అంచు పట్టుకుంది. పొద్దుగూకే వేళ, మగ్రిబ్ అజాన్‌కు కాస్త ముందు ఆఖరి ముడి పడింది.

ఆ బొంత అందంగా రాలేదు. ఇప్పటికీ అదే చెబుతాను. పచ్చని రేకుల మధ్య బూడిద గుడ్డ అతుకు వేసినట్టే కనిపించింది. ఆ రోజు మా నాయనమ్మ మంచం ఎక్కి చూడలేదు. పిల్లని పిలిచి ఇచ్చింది. ఆ పిల్ల కొంగు ముఖం మీదికి లాక్కుని, మా వసారాలోనే, విప్పని మూటల పక్కన, నోరు తెరుచుకుని నిద్రపోయింది. నిద్ర చెడకుండా వాళ్లమ్మ దాన్ని బొంతతో సహా భుజాన వేసుకుని చేలగట్టు వైపు వెళ్లిపోయింది. మర్నాడు ముఠా కదిలింది. వాళ్లు మళ్లీ మా ఊరికి రాలేదు.

ఇప్పుడు నా మనవరాలు ఫోనులో బొంతల నమూనాలు చూపించి, ఏది బాగుందో చెప్పమంటుంది. పోయినవాళ్ల బట్టలతో బొంతలు కుట్టమని దూరపు ఊళ్ల నుంచి పార్సిళ్లు వస్తున్నాయి. అన్నీ సెంటు వాసన వచ్చేలా ఉతికి, మరక ఉన్నచోటల్లా కత్తిరించి పంపుతున్నారు. పాత వాసన అస్సలు రాకూడదని చీటీ కూడా పెడుతున్నారు. ఆ పూల సెంటు పీల్చినప్పుడు నాకు చిన్నప్పటి రోతే మళ్లీ వస్తుంది. అప్పుడు కొంగును బొంత లోపల దాచిన ఆ పదకొండేళ్ల పిల్లే ఆ పార్సిళ్లన్నీ కట్టి పంపుతోందేమో అనిపిస్తుంది.

శుక్రవారాలు మా వీధి ఆడవాళ్లం కూడి ఖురాన్ చదువుకుంటాం. కళ్లు లేని ఒక మనిషి దగ్గరికి వస్తే ముఖం చిట్లించుకున్నందుకు ప్రవక్త వారికి మందలింపుగా దిగిన ఆయతులు నా వంతుకు వచ్చినప్పుడల్లా సగంలో ఆగి మళ్లీ మొదటి నుంచి చదువుతాను. అంతటి వారికే ఆ మాట చెప్పవలసి వచ్చిందంటే, నా ముఖం ఏపాటిది. నా అసహ్యాన్ని తీసెయ్యమని చాలా ఏళ్లు దువా చేశాను. తీయలేదు. ఇప్పుడు అలా అడగడం మానేశాను. ఎవరి గుడ్డ చేతికి వచ్చినా, ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ముఖం చిట్లుతుంది, కడుపులో తిప్పుతుంది. తిప్పినంతసేపూ చెయ్యి మాత్రం దించను.