తుపాకీ ఆట, రెండో భాగం

మొన్న పాతబస్తీ జహనుమాలో మా డాబా మీద పావురాలు వడియాలను బతకనివ్వడం లేదని మా ఆవిడ పాత సీడీ ఒకటి దారానికి కట్టి వేలాడదీసింది. ఆ మెరుపుకు బెదురుతాయట. దగ్గరికెళ్ళి చూస్తే, అది ఒకప్పుడు మా అల్లుడు తెచ్చిన కంప్యూటర్ తుపాకీ ఆట, రెండో భాగం. ఒక పావురం దాని పక్కనే కూర్చుని ముక్కు రుద్దుకుంటోంది. ఆ సీడీ అప్పుడూ అంతే, దేనికీ పనికిరాలేదు.

నేను బేగంబజార్‌లో ఇత్తడి సామాను అమ్మినవాణ్ణి. సొట్ట బిందెను సొట్ట బిందె అని కొనేవాడి ముఖం మీదే చెప్పేవాణ్ణి. నా నోటికి జడిసి చుట్టాలు మా గడప తక్కువ తొక్కేవారు. అల్లుడి ముందు మాత్రం ఆ నోటికి తాళం. అల్లుడు తెచ్చినదానికి వంక పెట్టకూడదన్నది మా ఇంటి పద్ధతి. అతనిది కోస్తా, గవర్నమెంటు ఆఫీసులో పని, కాపురం మా మేడ మీదే. పెళ్ళయిన ఏడాది దాకా మా మధ్య "అన్నం తిన్నరా?", "తిన్నానండి" తప్ప మాట లేదు.

ఆ మొహమాటాన్ని మొదటి భాగం పోగొట్టింది. కంప్యూటర్ తెర మీద మనిషి కనబడడు, చేతులూ తుపాకీ మాత్రమే. అంటే కాల్చేది మనమే. అతను కాల్చేవాడు, నేను స్టూలు మీంచి "ఎడమకు, అల్లుడు! డ్రమ్మెనక ఉన్నడు బద్మాష్!" అని అరిచేవాణ్ణి. యాభై దాటాక కూతురి దగ్గర తెలుగూ ఇంగ్లీషూ అక్షరాలు దిద్దినవాణ్ణి. తెర అడుగున వచ్చే ఇంగ్లీషు మాటలు కూడబలుక్కుని చదవడం నా ఉద్యోగం. నేను చదివేదాకా అతను ఆటలో గోడ చాటున ఆగేవాడు.

రెండో భాగం కోసం రెండేళ్ళు కళ్ళు కాయలు కాచేలా చూశాం. ఒక ఆదివారం వచ్చింది. మా ఆవిడ మిర్చి బజ్జీలు వేసింది. మొదటి సైనికుడు మోకాళ్ళ దాకా నేలలో దిగబడి నడిచాడు. రెండోవాడు గోడలోంచి వచ్చాడు. మా తుపాకీ గాల్లో తేలుతోంది, పట్టుకునే చేతులే లేవు.

"ఎలా ఉందండీ మామయ్యగారూ?"

"మస్తుంది. చేతులు అడ్డం లేవు, మంచిగ కనబడ్తుంది."

తలుపు తెరిస్తే అవతల గది లేదు, ఒట్టి ఆకాశం. మూడుసార్లు అందులో పడి చచ్చాం. "గాలి మంచిగొస్తది" అన్నాను.

అప్పుడు తెర అడుగున అక్షరాలొచ్చాయి. అన్నీ చదరపు గళ్ళే. కళ్ళద్దాలు తుడిచి చూశాను, అవే గళ్ళు. అంత కష్టపడి సంపాదించుకున్న అక్షరాలను ముసలితనం ఎత్తుకుపోయిందనుకున్నాను. అతను అలవాటు ప్రకారం గోడ చాటున ఆగి, నా చదువు కోసం చూస్తున్నాడు.

"అల్లుడు," అన్నాను, "నాకు అక్షరాలు పోయినయ్. ఒక్కటి సుత చదవొస్తలేదు."

అతను మౌస్ వదిలేశాడు. "నాకూ రావట్లేదండీ! ఆటే తగలడింది. మీకు నచ్చిందేమోనని పొద్దుట్నుంచి ఓర్చుకుంటున్నాను."

"ముందే చెప్పొద్దా! గీ దరిద్రాన్ని పొగడలేక సస్తున్న!"

గుమ్మంలో బజ్జీల పళ్ళెంతో నిలబడ్డ కూతురు నవ్వాపుకోలేక అంది: "బాపూ, నువ్వు దేన్నన్న పొగుడుతున్నవంటేనే నాకు డౌటొచ్చింది."

ఆ పూట ఇద్దరం ఆ ఆటను తిట్టిన తిట్లతో మామా అల్లుళ్ళ మర్యాద చాలావరకు ఊడిపోయింది. సాయంత్రానికి మళ్ళీ మొదటి భాగమే పెట్టుకున్నాం.

ఇప్పుడు అతనికీ అద్దాలొచ్చాయి. డాబా మెట్లెక్కేటప్పుడు మలుపు దగ్గర గోడవారన ఆగుతాడు, నేను అందుకునేదాకా. ఇన్నేళ్ళలో కాలం మా దగ్గర్నుంచి చాలానే పట్టుకుపోయింది గానీ, అలా నాకోసం ఆగడాన్ని మాత్రం ఎందుకో అతని దగ్గరే మరిచిపోయి వెళ్ళింది.