మూఢంలో బరాత్ కారు

నిజామాబాద్ గంజ్‌లో కమీషన్ మీద పసుపు అమ్మిపెట్టే అడ్తి నడిపే ఆత్మారాం 1958లో ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. దేశం విడిచిపోతున్న ఇంగ్లీషు ఇంజనీరుది. రెండే సీట్లు, వెనక్కి మడిచే గుడ్డ టాపు. గంటకు నూరు మైళ్లు పోతుందన్నాడు ఇంజనీరు. బోధన్ రోడ్డు మీద ఆ నూరు ఒక్కసారి చూడాలి, అంతే ఆత్మారాం కోరిక.

తప్పు మొదటి నెలలోనే జరిగింది. మేనల్లుడి బరాత్‌కు కారిచ్చాడు. మడిచిన టాపు మీద కూర్చున్న పెండ్లికొడుకు ఊరంతటికీ కనిపించాడు. ఇక అడిగిన ఎవరికీ లేదనలేకపోయాడు. మన మర్యాద ఇదే: అడిగేవాడికి సిగ్గుండదు, ఇవ్వనివాడికే ఉండాలి.

పదేళ్లు ఆ కారు బ్యాండు వెనక నడిచింది. లగ్గాలు లేని చలికాలంలో రోడ్డు నిండా బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లు. వానల్లో టాపు కురిసేది.

ఒక ఎండాకాలం మూఢం వచ్చింది. శుక్రుడు కనబడడు కాబట్టి మనుషులు పెండ్లాడకూడదట. చెరకు ఆడటమూ అయిపోయింది. రోడ్డు ఖాళీ. ఆత్మారాం పొద్దున్నే బయల్దేరి, ఎన్నడూ వాడని మూడో గేరు వేశాడు.

మొదటి పల్లెలోనే చంద్రవ్వ అనే ముసలామె చేతులు చాపి రోడ్డుకు అడ్డం నిలబడింది. ఆమె మనవడు ఊరేగింది ఈ కారులోనే.

“పెండ్లికొడుకేడి బిడ్డా?”

“పెండ్లి లేదవ్వా. ఊకెనే పోతున్న.”

“మూఢంల బరాత్ కారు ఖాళీగ ఊరు దాటుతదా? గా అరిష్టం ఎవల మీద పడాలె?”

ఇది తన కారని ఆత్మారాం చెప్పి చూశాడు. కాదని ఎవరన్నారు, పెండ్లికొడుకు లేకుండా ఎట్లా పోతుందన్నదే చంద్రవ్వ మాట. జనం పోగయ్యారు. చివరికి చంద్రవ్వే దారి కనిపెట్టింది: పెండ్లయినవాడికి మూఢం లేదు. తన మొగుడు భూమన్నకు తలకు తువ్వాలతో రుమాలు చుట్టించి, టాపు మీద ఎక్కించింది.

“మెల్లగ నడుపు కొడకా,” అన్నాడు భూమన్న. “నేను పడ్తె మల్ల మా ముసల్దానితోని మాటలు పడాలె.”

కారు నడిచింది. వెనకాల పిల్లలు, ఒక డప్పు. పొలిమేరలో డప్పు ఆగింది. దిగమన్నాడు ఆత్మారాం. భూమన్న దిగలేదు.

“ముందటి ఊర్ల గూడ ఆపుతరు. బోధన్ దాక నేనే కూసుంట తియ్యి.”

ఎదురుగా రోడ్డు గీత గీసినట్టు ఉంది. బండి లేదు, మనిషి లేడు. ఆత్మారాం మొదటి గేరు వేశాడు; బోధన్ దాకా మార్చలేదు.