తుడిచిన సంగతి నాకు తెలియలేదు

శనివారం సాయంకాలం, గుణుపూర్‌లో మా యింట ప్రార్థన కూడిక. హాజరైనవారు: పాస్టరుగారు, నా భార్య మార్తమ్మ, పక్కవీధి రూతమ్మ, ఆమె కోడలు, నేను.

సహోదరులారా, నేను రైల్వేలో రిటైరైన సంఘపెద్దను, రోజూ డైరీ రాసేవాణ్ణి, అయినా రెండేళ్లుగా నా ఎడమ మోచేతి మీద పెరుగుతున్న పాలిపోయిన మచ్చ గురించి ఒక్క ముక్క రాయలేదు! అది పెద్దరోగమేమోనని, తెలిస్తే సంఘంలో ఎవరూ నా పక్కన కూర్చోరని భయపడి, ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలుపేసుకుని ప్రార్థన నూనె రాసుకుంటూ, "ప్రభువా, ఎవరి కంటా పడకముందే దీన్ని తీసెయ్యి" అని ఏడ్చేవాణ్ణి.

మార్తమ్మ కనిపెట్టేసింది. "మీరు దాసింది నాకు తెలీదనుకున్నారేటి? నడండి!" అని పద్మపూర్ వైద్యశిబిరానికి లాక్కుపోయింది.

అక్కడ ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ ఫోనుతో మచ్చను ఫొటో తీసింది. ఫోనులోని కృత్రిమ మేధ ఎన్నో చర్మరోగాల ఫొటోలు చూసి నేర్చుకున్నదట, అనుమానముంటే డాక్టరుకు చూపమంటుందట. తీరా చూస్తే ఫొటో మెరుస్తోందని, తుడిచి మళ్లీ తీయమంది ఫోను. పొద్దున నేను రాసుకున్న నూనె!

"అది ప్రార్థన నూనె, అమ్మీ! మెల్లగా తుడువు" అని మొహం తిప్పుకున్నాను. ఆమె తీసిన దూది ఎంతకీ తగల్లేదు. "ఇంకా తుడవవేటి?" అన్నాను.

"ఎప్పుడో తుడిసీసేను తాతా. నీకు తెలీలేదేటి?"

అంటూనే ఆమె నవ్వు ఆగిపోయింది. రెండో ఫొటోకు ఫోను కుష్ఠు అనుమానమని చూపింది. డాక్టరుగారు మచ్చ మీద స్పర్శ లేదని చూసి, మోచేతి నరం తడిమి, "అదే. కానీ మందులతో నయమవుతుంది. చెయ్యి వంకర పోకముందే వచ్చారు" అన్నారు. దాచమని నేను వేడుకుంటే దేవుడు బయటపెట్టి బతికించాడు, ఆయనకే మహిమ! ఫోను కోసం, డాక్టరు కోసం, ఆ అమ్మి చెయ్యి కోసం కూడా ఆయన్నే స్తుతించాను.

మందులు మొదలుపెట్టాక, పైన రాసిన ఆ శనివారం కూడికలో చొక్కా చెయ్యి పైకి మడిచి ఇదంతా చెప్పాను. "మీలో ఎవరైనా దాచుకుంటే, ఆయన్ని నమ్మి చూపించండి" అన్నాను. పాస్టరుగారు నా చెయ్యి పట్టుకుని ప్రార్థించారు. రూతమ్మ మాత్రం టీ కూడా ముట్టకుండా కోడల్ని తీసుకుని వెళ్లిపోయింది. భయపడిందే జరిగిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్న చర్చికి బయల్దేరుతుంటే అత్తాకోడళ్లిద్దరూ గుమ్మంలో ఉన్నారు.

"అన్నా, దీని ఈపు మీద కూడా మచ్చుంది" అంది రూతమ్మ. "పుట్టింటికి పంపేస్తామని భయపడి నాకు సెప్పలేదు. నిన్న నీ సెయ్యి సూసి, దార్లోనే ఏడుస్తా సెప్పింది. ఆ డాక్టరు కాడికి మాతో వస్తావా?"

కోడలు తల వంచుకునే ఉంది. మార్తమ్మ వెళ్లి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి లోపలికి తీసుకొచ్చింది.