గండయ్య తుడిచిన బొట్టు

మా గండయ్యన్న మంచి నేతగాడే గానీ, ఒక పనికి దిగితే ముందూ వెనకా చూసే రకం కాదు. చౌటుప్పల్ దగ్గరి మా ఊళ్లో వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు. చీరలకు గిరాకీ తగ్గిందని, తెలంగాణ వచ్చిన ఏడాది మొదట్లో ఎవరో ఏజెంటు మాట పట్టుకుని ఇరాక్ పోయాడు. ఎర్బిల్ పట్నంలో సిమెంటు మోసే పని. జూన్‌లో మేమిక్కడ కొత్త రాష్ట్రమని రంగులు చల్లుకుంటుంటే, అక్కడ యుద్ధం ముంచుకొచ్చింది. పనిలో పెట్టుకున్నవాడు వీళ్ల పాస్‌పోర్టులతో సహా మాయమయ్యాడు.

తిండికి తిరిగి తిరిగి అన్న ఒక చర్చి ఆవరణకు చేరాడు. యుద్ధానికి భయపడి కట్టుబట్టలతో ఊళ్లొదిలి వచ్చిన క్రైస్తవులు అక్కడ గుడారాల్లో ఉన్నారు. వాళ్లలో ఒక ముసలమ్మ తన వంతు రొట్టె విరిచి సగం ఇతని చేతిలో పెట్టింది. ఒకరోజు కాదు, నాలుగు నెలలు పెట్టింది. అన్నీ పోగొట్టుకున్న మనిషికి ఈ బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందో అన్నకు అర్థం కాలేదు. సైగ చేసి అడిగితే ఆమె సిలువను చూపించింది. అప్పట్నుంచి ఆమె పక్కనే మోకాళ్లూనేవాడు.

"మొదాలు తిండి కోసమే కూసున్న తమ్మీ, అబద్ధమెందుకు?" అంటాడు. "ఎన్కెన్క గా ప్రార్థనలనే నా భయం పోయింది. యేసయ్య నా పక్కనున్నట్టే అనిపించింది."



ఎంబసీ వాళ్లు కాయితాలిచ్చి పంపితే చలికాలంలో ఇంటికొచ్చాడు. వచ్చిన మర్నాడే మగ్గం మీది పసుపు కుంకుమలు తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాడు. కొత్తగా నమ్మినవాడి తొందర! మా ఇళ్లలో మగ్గానికి బొట్టు పెట్టి, మొక్కి, ఆ తర్వాతే మగ్గం కింది గుంటలో కాళ్లు పెడతాం.

అతని భార్య సావిత్రమ్మ వదిన చూసింది. అరవలేదు. నూలు చుట్టే రాట్నం ఎత్తి మూలకు పెట్టింది.

"నువ్వు సచ్చినవో బతికినవో తెల్వని దినాలల్ల రోజూ గీ మగ్గానికి బొట్టు పెట్టి నిన్ను తిరిగి పంపుమని అడుక్కున్న. గది తుడిచినోడికి నేను కండెలు చుట్టను."

నేత ఒక్కరితో అయ్యే పని కాదు. ఆమె నూలు కండెలకు చుట్టిస్తేనే ఇతని మగ్గంలో నాడె అటూ ఇటూ ఆడుతుంది. అన్న తానే చుట్టుకోబోయాడు. వదులు కండెలు చిక్కుపడి పోగులు తెగాయి. మూడు వారాలు ఆ ఇంట్లో మగ్గం చప్పుడు లేదు, మాటా లేదు. నాకు ఒళ్లు మండింది.

"ఏందన్నా, సంసారం ఆగం చేస్కుంటవా?" అన్నాను.

"నమ్మకం ఇడువమంటే నాతోని గాదు తమ్మీ," అన్నాడు. తెగిన పోగులను చేత్తో ఏరాడు. "గని గా ముసలామె, నువ్వు ఏ దేవునికి మొక్కుతవని నన్ను ఒక్కనాడు గూడ అడగలే. ఆమె ప్రార్థన నేర్సుకున్న, గది నేర్సుకోలే."

లేచి చౌటుప్పల్ పోయి కుంకుమ పొట్లం కొనుక్కొచ్చాడు. నేను గోడ పక్కనే ఉన్నాను, వినకూడదనుకుంటూనే విన్నాను.

"సావిత్రీ, తప్పు నాదే. నేను ఆదివారం చర్చికి పోత. నీ మొక్కు నువ్వు మొక్కుకో, నేను అడ్డం రాను."

వదిన పొట్లం అందుకోలేదు.

"నీకు అన్నం పెట్టినామె పేరేంది?"

"తెల్వదు. అమ్మా అని పిలుస్తుంటి."

"నాలుగు నెల్లు తిని పేరు గూడ అడగలే? గిసొంటి మనిషివి!" అని కొంగుతో కళ్లొత్తుకుంది. పొట్లం తీసుకుని మగ్గానికి బొట్టు పెట్టింది. మూలనున్న రాట్నం ముందుకు లాక్కుని కూర్చుంది.

"ఆదివారం పోతవు గద," అంది నూలు అందుకుంటూ, "గా అమ్మను సల్లగ సూడుమని నీ దేవునికి చెప్పు. నేనడిగిన్నని చెప్పు."