అత్త లోపలుండగా లేచిన పలక

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. అత్త స్నానానికి వెళ్లినప్పుడు పెరట్లో పలక లేపి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. నాకు ముందు ఆ పని చేసినవాళ్లు లేకపోయి ఉండాలి. చేసినదాన్ని నేనున్నాను కనక, ఆ అనర్థం ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. ఆ రోజు మా పెరట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఎనిమిదేళ్ల కిందటి మాట. మా ఇల్లు నెల్లిమర్లలో. నేను ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయనకి విజయనగరంలో ఎరువుల కొట్టు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త.

వంటింటి వెనక గుమ్మానికీ పెరట్లో స్నానాల గదికీ మధ్య ఒక కాంక్రీటు పలక ఉంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఇల్లు కట్టిన కొత్తలో చదునుగానే ఉండేదట. పైన రేకుల మీంచి కారిన వాన నీళ్లు ఏళ్ల తరబడి దాని కింద మట్టిని కోసుకుపోయాయి. మిగిలిన మట్టిని పందికొక్కులు తోడేశాయి. స్నానాల గది వైపు పలక మూడంగుళాలు దిగిపోయింది. అక్కడ నీళ్లు నిలిచి పాచి పట్టేది.

అక్కడే మా అత్త కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది.

నలభై రోజులు సిమెంటు కట్టు. ఆ నలభై రోజులూ ఆవిడకి నేనే నీళ్లు పోశాను, నేనే జడ వేశాను, నేనే అన్నం కలిపి పెట్టాను. మా అత్త ఒకరి చేత చేయించుకునే మనిషి కాదు. మావయ్య పోయాక ఎకరంన్నర పొలం తనే దగ్గరుండి చేయించి కొడుకుని చదివించింది. నేను నీళ్లు పోస్తుంటే గోడ వైపు తిరిగి, కళ్లు మూసుకుని కూర్చునేది. పల్లెత్తు మాట అనేది కాదు. ఆ మౌనమే నన్ను కాల్చేసేది. ఎందుకంటే ఆవిడ పడిన రోజు పొద్దున్న ఆ పలక మీద బట్టలుతికింది నేను. బడికి వేళైపోతోందని సబ్బునీళ్లు కడక్కుండా పరుగెత్తింది నేను. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

"వచ్చే నెల మేస్త్రీని పిలుద్దాంలే" అనేవారు మా ఆయన. ఆయన పంచాంగంలో వచ్చే నెల ఎప్పుడూ రాదు. సరే, నేనే లేపుదామనుకున్నాను. ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఎక్కడో ఏ దేశంలోనో పలకకి చిల్లులు పెట్టి, కిందకి ఏదో నురుగు పంపి, పది నిమిషాల్లో పైకి తెచ్చేస్తున్నారు. మా పెరట్లో నురుగు అంటే సబ్బుదే. అది చేసిన ఘనకార్యం అప్పటికే చూశాను.

మా ఎదురింటి సింహాచలం మావని అడిగాను. జూట్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మా అత్తకి వరసకి తమ్ముడు.

"నురుగూ వద్దు, గిరుగూ వద్దమ్మీ" అన్నాడు. "నా కాడ లారీ జాకీలు రెండున్నాయి. రెండు మూలల్నీ గోతులు తీసి, జాకీలెట్టి లేపీడమే. కిందని కంకరా సిమెంటూ దట్టించీడమే. మిల్లులో దీనమ్మ మొగుడులాటి మిషన్లు లేపినాను నాను."

శనివారం సాయంత్రం గోతులు తవ్వాను.

"ఏటే ఆ గోతులు?" అంది అత్త.

"పందికొక్కుల మందు పెట్టడానికి అత్తా" అన్నాను. అది మొదటి అబద్ధం.

అత్త చేతి కట్టు విప్పి అప్పటికి మూడు రోజులైంది. మర్నాడు ఆదివారం పొద్దున్నే కుంకుడుకాయ రసం గిన్నె చేత్తో పట్టుకుంది. "ఈయాల నా నీళ్లు నానే పోసుకుంటాను. నువ్వు రాకు" అని స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. అత్త తలంటు అంటే గంట పైమాటే. నా బుర్రలో దీపం వెలిగింది. ఆవిడ బయటికొచ్చేసరికి పలక చదునుగా ఉండాలి. ఆవిడ దాని మీద అడుగేసి ఆశ్చర్యపోవాలి. నా పాపం కొంతైనా కడుక్కుపోవాలి.

సింహాచలం మావ జాకీలు పట్టుకొచ్చి అటూ ఇటూ చూశాడు. "అప్ప ఏది?"

"తలంటుకుంటోంది."

"బయటికొచ్చినాక సేద్దుమేటి?"

"వద్దు మావా. చూసిందంటే పని ఆపించేస్తాది. ఇప్పుడే కానిచ్చేద్దాం."

ఇక్కడ ఆగి, ఆ పెద్దమనిషి మాట నేను విని ఉంటే ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించుకోండి. నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

గోడ మీద పాత సిమెంటు గీత ఒకటి ఉంది. ఒకప్పుడు పలక అక్కడిదాకా ఉండేదన్నమాట. దానికి సుద్దతో గుర్తు పెట్టాను. సగం నీళ్లున్న సీసా పలక మీద పడుకోబెట్టాను, ఎత్తుపల్లాలు తెలియడానికి. ఒక జాకీ దగ్గర మావ, రెండో దాని దగ్గర నేను. "ఒకటి... ఆగు. రెండు... ఆగు." లోపల చెంబు చప్పుడు, బయట జాకీ చప్పుడు.

"ఏటా కిర్రుకిర్రు?" అని లోపల్నించి అత్త.

"మావ సైకిలు బాగుచేసుకుంటున్నాడత్తా!" ఇది రెండోది.

పలక కదిలింది. అంగుళం. రెండంగుళాలు. ఆ బరువు నా చేతి కింద లేస్తుంటే కలిగిన గర్వం నాకు బీయెస్సీ పాసైనప్పుడు కూడా కలగలేదు. సుద్ద గీతని తాకేసరికి ఆపేశాం. ఇనప కడ్డీతో కింద కంకరా, సిమెంటు కలిపిన ఇసకా కూరి కూరి దట్టించాం. జాకీలు తీసేశాం. సీసాలో నీళ్లు ఈ చివర నించి ఆ చివరకి సమంగా నిలిచాయి. నేను పలక మీదెక్కి రెండుసార్లు గెంతాను కూడా.

అప్పుడు లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు కొద్దిగా కదిలి టక్కుమని ఆగిపోయింది. మళ్లీ టక్కు.

"ఏటే, తలుపు రాదు?" అంది అత్త.

నేను తలుపు వంక చూశాను. మావ తలుపు వంక చూశాడు. తర్వాత ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఆ తలుపు కథ చెప్పాలి. అది బయటికి తెరుచుకునే ఇనప రేకు తలుపు. పలక దిగిపోయాక గడప కింద సందు పడి, అందులోంచి కప్పలు వచ్చేవి. ఒకసారి పాము కూడా వచ్చింది. అందుకని ఈ గొడవకి రెండేళ్ల ముందు మా ఆయన పాత చెక్క తలుపు పీకించి, దిగిపోయిన పలకని కొలతగా పెట్టుకుని, కిందిదాకా వచ్చేలా ఈ ఇనప తలుపు చేయించారు. ఇప్పుడు పలక దాని పాత చోటుకి వెళ్లింది. తలుపు మాత్రం కొత్త చోటులోనే ఉంది. పలక అంచు తలుపు ముందు మూడంగుళాల గోడలా నిలబడింది. ఏడో తరగతికి కొలతల పాఠం చెప్పే నేను పలక పొడవు కొలిచాను, వెడల్పు కొలిచాను, లేవాల్సిన ఎత్తు కొలిచాను. తలుపుని కొలవలేదు.

"అత్తా, ఒక్క నిమిషం. పలక కొంచెం లేపాం."

"ఏ పలక?"

"నీ గుమ్మం ముందుదే."

"సైకిలేటయినాది?"

మావ తల దించుకున్నాడు. కొట్లో ఉన్న మా ఆయనకి ఫోన్ చేశాను.

"అమ్మకి ఫోనియ్యి" అన్నారు ఆయన, సంగతి సగం వినేసరికే.

"ఇవ్వలేనండి. అత్త లోపలున్నాది. మేం బయటున్నాం."

"తలుపు తీసి ఇవ్వు."

"అదేనండి రానిది."

ఆయన గట్టిగా ఊపిరి వదిలారు. "ఆ పలక మళ్లీ దించీండి. నేను బయల్దేరతన్నాను."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసు తొక్కడమే కాదు, కాలు కడుక్కునే గదికే అడ్డం కట్టాను. మావ గోతిలోకి వంగి చూసి పెదవి విరిచాడు.

"లేపినంత సుళువు కాదమ్మీ దించడం. కంకర బిర్రుగా దట్టించీసినాం. ఇప్పుడు జాకీలెట్టి అదంతా లాగితే పలక రెండు ముక్కలైపోద్ది. సెయ్యి కింద ఉంటే సెయ్యీ పోద్ది. లేదంటే వెల్డింగోడిని తెచ్చి తలుపు కింద ముక్క కోయించాల."

ఆ మాటలు లోపలికి వినిపించాయి.

"తలుపే కొయ్యండి" అంది అత్త. "పలక ముట్టుకోకండి."

"తలుపు కొత్తది కదత్తా" అన్నాను.

"పలక దించితే మళ్లీ పడేది నాను. తలుపా పడేది?"

మావ వెల్డింగు షాపుకి వెళ్లాడు. పెరట్లో నేనూ అత్తా మిగిలాం. మధ్యలో తలుపు. నేను ఆ పలక మీదే, తలుపుకి వీపు ఆనించి కూలబడ్డాను.

"అత్తా, చలేస్తోందా?"

"తల తుడుసుకున్నాను. కోక కట్టుకున్నాను. ఇంక సలేటి?"

మొహం కనబడకపోవడం వల్లనో ఏమో, నలభై రోజులుగా గొంతులో ఉన్నది బయటికొచ్చేసింది. "అత్తా, ఆ రోజు సబ్బునీళ్లు నేనే వదిలేశాను. కడగలేదు. నువ్వు నా వల్లే పడ్డావు."

లోపల చెంబు కింద పెట్టిన చప్పుడైంది.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"పడినదాన్ని నాను గదే. కోకంతా సబ్బు వాసనే."

"మరి ఒక్క మాటైనా అనలేదేం?"

"అంటే ఏటౌద్ది? నువ్వు ఏడుస్తావు. మరి నాకు నీళ్లెవరు పోస్తారు?" గొంతు తగ్గించి అంది: "కోపం కాదే. ఇంత వయసొచ్చి నీ సేత నీళ్లు పోయించుకోడానికి సిగ్గేసీది. అందుకే మాటాడ్నేదు."

నేను ఏడ్చాను. చప్పుడు కాకుండానే ఏడ్చాననుకున్నాను.

"అదిగో, సెప్పినానా" అంది లోపల్నించి.

మా ఆయనా, మావా, వెల్డింగు ఆయనా ముగ్గురూ ఒకేసారి వచ్చారు. అత్తని దూరం మూలకి వెళ్లి చెవులు మూసుకోమన్నాం. కోత మిషను అరుపుకి వీధిలో కుక్కలన్నీ మొరగడం మొదలెట్టాయి. గోడల మీంచి పక్కిళ్ల తలలు లేచాయి. నిప్పురవ్వలు నా పలక మీద రాలాయి. పది నిమిషాలకి తలుపు అడుగున మూడున్నర అంగుళాల రేకు ఖణేల్మని ఊడిపడింది.

తలుపు తెరుచుకుంది. తడి తలకి తువ్వాలు చుట్టుకుని మా అత్త గుమ్మంలో నిలబడింది. ఎవరి మొహమూ చూడలేదు. కుడి కాలు పలక మీద పెట్టింది. ఎడమ కాలు పెట్టింది. వంటింటి గుమ్మం దాకా నడిచింది, వెనక్కి తిరిగి వచ్చింది. పాచి ఉండే చోట మడమతో గట్టిగా నొక్కి చూసింది. మేమంతా కోర్టులో తీర్పు కోసం నిలబడ్డ ముద్దాయిల్లా నిలబడ్డాం.

"సదునుగానే ఉన్నాది" అంది.

మా ఆయన ఊపిరి తీసుకున్నారు. సింహాచలం మావ తన జాకీల వంక ప్రేమగా చూసుకున్నాడు. అత్త నా దగ్గరికొచ్చి ఆగింది.

"మీ అమ్మ మళ్లీ ఎప్పుడొస్తాది?"

"వచ్చే నెలత్తా. ఏం?"

"ఆవిడా తలంటుకి గంట సేస్తాది గదా" అంది అత్త, మొహంలో ఒక్క గీత కదలకుండా. "అప్పుడు ఇంకో రెండంగుళాలు లేపు."

ఆ రోజే, ఆ పలక మీదే నిలబడి, సూర్యుడి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. లోపల మనిషి ఉండగా, ఏ గది ముందూ, ఏ పలకనీ, ఏ జాకీతోనూ, ఈ జన్మలో అర అంగుళమైనా లేపను. ఆ ఒట్టు ఈనాటికీ తప్పలేదు. కాకపోతే అది పెట్టుకున్నది నేనొక్కదాన్నే. అత్తా, సింహాచలం మావా పెట్టుకోలేదు. అందుకని మా అమ్మ వచ్చి తలంటుకి వెళ్లిందంటే, ఆవిడ బయటికొచ్చేదాకా నేను ఆ తలుపు ముందు నుంచి లేవను.