లైసెన్సులో వయసు

రావల్కోల్ జనార్ధన్ బతుకులో ఒకే ఒక్క అబద్ధం ఆడాడంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. పొలం గెట్టు తగాదాల్లోనూ, పేకాటలోనూ అందరూ ఆడే అబద్ధాలు ఆయనా ఆడాడు. కానీ సర్కారు మనిషి ముందు నిలబడి, నిబ్బరంగా ఆడిన అబద్ధం మాత్రం ఒక్కటే. దాని పుణ్యమా అని నలభై ఏళ్ళు స్టీరింగు పట్టి బతికాడు కాబట్టి ఏనాడూ సిగ్గుపడలేదు. నలుగురు కూర్చున్నచోట మీసం దువ్వుకుంటూ మరీ చెప్పేవాడు.

ఆయనకు పదిహేడో ఏట ఊరి పటేలు ఇంటికి ట్రాక్టరు వచ్చింది. అది మొదలు జనార్ధన్‌కు ఎడ్లను చూస్తే విసుగు పుట్టేది. ట్రాక్టరు చేతికి వచ్చాక లారీ మీద మనసు పడింది. లారీ లైసెన్సుకు వయసు చాలదన్నారు. ఆగుతాడా మరి! పట్నం వెళ్ళి, ఆఫీసరు వయసు అడిగితే నాలుగేళ్ళు కలిపి చెప్పాడు. పొడుగాటి మనిషి, పైగా గుబురు మీసం. ఆఫీసరు ఎగాదిగా చూసి, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. పల్లెటూళ్ళలో పుట్టినతేదీ కాగితం ఎవరి దగ్గర ఉండేది గనక? తల్లి చెప్పిందే తేదీ. "రజాకార్ల గడబిడ అయినంక సలికాలంల పుట్టినవ్ బిడ్డా" అని తల్లి చెప్పిన మాటే జనార్ధన్ దగ్గరున్న ఏకైక ఆధారం; లెక్కకు అది నలభై ఎనిమిది చలికాలం.

పెరగడం మాత్రం ఆయన మొదటినుంచీ తొందరగానే పెరిగాడు. బళ్ళో మూడో తరగతిలోనే గొంతు బొంగురు పోయింది. ఐదో తరగతికి నూనూగు మీసం వచ్చేసింది. "ఒరే, నువ్వు పిల్లలల్ల కూసోకు, నా పక్కపొంటి కుర్సీ ఏసుకో" అని పంతులు ఆట పట్టించేవాడు. మా ఇంటి మనుషులు ఏపుగా ఎదుగుతారు అని తల్లి కొట్టిపారేసేది.

లైసెన్సు వచ్చాక జీడిమెట్ల ఫ్యాక్టరీలకు డ్రమ్ములు మోసే లారీ ఎక్కి, జుట్టు నెరిసేదాకా దిగలేదు. తొంభైల్లో మేడ్చల్ చుట్టుపక్కల భూములకు రెక్కలొచ్చాయి. ద్రాక్షతోటలు కొట్టేసి ప్లాట్లు చేసే రోజులవి. కొడుకు సందీప్ ఆ వ్యాపారంలో దిగి, కొంత భూమి అమ్మించి, మేడ్చల్‌లో మేడ కట్టించాడు. జనార్ధన్ తన వాటాకు కోరుకున్నది ఒక తెల్ల మారుతి కారు. దాన్ని తన పేరు మీదే రిజిస్టరు చేయించుకున్నాడు.

ఆ కారుకు ఆయన ఒక్కసారి కూడా ఇన్సూరెన్సు క్లెయిమ్ అడగలేదు. అలాగని ఎక్కడా తగిలించలేదని కాదు. గాజులరామారంలో ఎవరిదో గేటుకు గుద్ది బంపరు సొట్ట పోయినప్పుడు, కిమ్మనకుండా సొంత డబ్బుతోనే బాగు చేయించుకున్నాడు. క్లెయిమ్ అడిగితే వచ్చే ఏడు రాయితీ పోతుందన్నది పైకి చెప్పిన కారణం. నేను గుద్దాను అని రాసి సంతకం పెట్టడానికి ఆ పెద్దమనిషికి ప్రాణం ఒప్పలేదన్నది అసలు కారణం.

రెండువేల ఏడులో పాలసీ రెన్యువల్‌కు ఏజెంటు దీక్షిత్ ఇంటికి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి కొత్త కాలనీలో స్థిరపడిన ఉద్యోగస్తుల ఇంటి కుర్రాడు, మర్యాదస్తుడు. కాఫీ తాగి, గొంతు సవరించుకుని, సంగతి బయటపెట్టాడు.

"ఈ ఏడాది మా కంపెనీలో పద్ధతి మారిందండీ. ఇదివరకు బండి వయసు చూసేవాళ్ళం. ఇప్పుడు నడిపేవాళ్ళ వయసు కూడా చూస్తున్నారు. అరవై దాటితే ప్రీమియం బాగా పెరుగుతుంది. ఇకమీదట ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. లైసెన్సు ప్రకారం మీకు అరవై రెండు కదండీ."

జనార్ధన్ పకపకా నవ్వాడు. "గది ఝూటా వయసు బాబూ! నేనే చెప్పిన ఆ ఝూటా. నాకు యాభై ఎనిమిదే."

సందీప్ మాత్రం నవ్వలేదు. ఈ మాటకోసమే ఎన్నాళ్ళనుంచో కాచుకుని ఉన్నాడు. "ఎందుకొచ్చిన పరేషాన్ బాపూ? కారు నా పేరు మీదికి మార్చు. నువ్వు ఇగ నడుపుడు బంద్ జెయ్యి. ఏడికన్న పోవాలంటే డ్రైవర్ని పెడత."

ఆ మాట జనార్ధన్‌కు ఎక్కడో గుచ్చుకుంది. భూమి సంగతులు కొడుకు చూస్తాడు, ఇంటి సంగతులు కోడలు చూస్తుంది. ఊరి రాజకీయాలు కూడా ఇప్పుడు కొడుకు దగ్గరికే వస్తాయి. అయ్యగారి మాట చెల్లే చోటు ఆ డ్రైవరు సీటు ఒక్కటే. ఎటు తిప్పాలో, ఎక్కడ ఆపాలో అక్కడ ఎవరినీ అడగక్కర్లేదు. అదీ పోతే పొద్దున లేచి ఏం చేయాలో ఆయనకు నిజంగానే తెలియదు.

"యాభై ఎనిమిదని సాబిత్ జేస్తె?" అన్నాడు పౌరుషంగా.

"జేస్తె తాళంచెవి నీ తాననే ఉంటది. నేను మళ్ళ ఆ ముచ్చటే ఎత్త. అరవై దాటినయని తేలితే మాత్రం నాకియ్యాలె."

"ఇస్త. మాట మాటే."

పుట్టుక తెలిసిన పెద్దవాళ్ళు ఎవరైనా నోటరీ దగ్గర చెబితే, దాన్ని పట్టుకుని లైసెన్సులో వయసు దిద్దించుకునే దారి చూడవచ్చని దీక్షిత్ సలహా ఇచ్చాడు. చదివిన బడి రికార్డు ఎప్పుడో చెదల పాలైంది. జనార్ధన్ పుట్టుక తెలిసినవాళ్ళలో మిగిలింది ఆయన మేనత్త సత్యమ్మ ఒక్కతే. శామీర్‌పేట అవతల ఒక పల్లెలో కొడుకు దగ్గర ఉంటోంది. మర్నాడు పొద్దున్నే కారు తీశాడు.

దారిపొడుగునా లారీలు హారన్లు కొట్టి మరీ ఆయన్ను దాటిపోయాయి. ఆ లారీల సీట్లో తనూ ఒకప్పుడు ఇలాగే ముసలి డ్రైవర్లను తిట్టుకునేవాడు. మలుపు దగ్గర ఊరి పేరున్న బోర్డు బాగా దగ్గరికి వెళ్ళేదాకా చదవలేకపోయాడు. బోర్డు మీద దుమ్ము పట్టింది అనుకున్నాడు. ఈ మధ్య చాలా బోర్డుల మీద అలాగే దుమ్ము పడుతోంది.

సత్యమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మేనల్లుణ్ణి చూసి ముఖమంతా నవ్వు చేసుకుంది.

"అత్తా, నేను ఏ ఏడు పుట్టిన్నో యాదికున్నదా?"

"ఇప్పుడెందుకు బిడ్డా? మళ్ళ లగ్గం గిట జేసుకుంటున్నవా?"

జనార్ధన్ నవ్వి సంగతంతా చెప్పాడు. "గడబిడ అయినంక సలికాలంల పుట్టిన్నని అమ్మ చెప్పేది గదా. గా ఒక్క మాట నోటరీ తాన చెప్పు, చాలు."

సత్యమ్మ చేతులు ఆగిపోయాయి. "చెప్త తియ్యి," అంది. "ఊరంత కలిసి చెప్పిన మాటనే గదా. నేనొక్కదాన్ని ఇప్పుడు కాదంటనా?"

"ఊరంత చెప్పుడేంది అత్తా?"

ముసలావిడ తప్పించుకోవాలని చూసింది. మంచినీళ్ళు తాగమంది, అన్నం తినమంది. జనార్ధన్ కదల్లేదు. ఇక లాభం లేదని నోరు విప్పింది.

"నా లగ్గంల నువ్వు పందిరి గుంజలు పట్టుకొని నడుస్తుంటివి బిడ్డా. నేను అత్తగారింటికి పోతాంటె నా కొంగు ఇడువలే, ఒకటే ఏడుపు. రజాకార్ల గడబిడ నా లగ్గమైన రెండేండ్లకు గదా వచ్చింది. పుట్టకముందే నడుస్తరా ఎవలన్న?"

"మరి సలికాలంల..."

"సలికాలంల పుట్టింది నీ తమ్ముడు. తెల్లగ, బొద్దుగ ఉండె. ఏడాది కూడ నిండలే, జరమొచ్చి పోయిండు. వదినె ఏడ్వలే. గదే మాకు బుగులైంది. ఎవలన్న 'నీ కొడుక్కి ఎన్నేండ్లు' అని నిన్ను జూసి అడిగితే, వాని వయసు చెప్పేది. మీ బాపు ఒకపాలి గట్ల కాదని దిద్దిండు. ఆ పొద్దు ఆమె అన్నం ముట్టలే. ఇగ మేమంత ఊకున్నం. పంతులు బడిల పేరు రాసుకోను వచ్చినప్పుడు కూడ ఊరోళ్ళందరు వాని వయసే చెప్పిన్రు. నువ్వు గంత పొడుగున్నవ్, పంతులుకు తెల్వదా? ఆయన కూడ ఊకున్నడు."

జనార్ధన్‌కు మొదట వచ్చింది కోపమే. ఏటా చలికాలంలో ఒకనాడు తల్లి తలంటి, పాయసం వండి, నా కొడుక్కి ఇన్నేళ్ళు నిండాయి అని మురిసిపోయేది. ఆ రోజు తనది కాదన్నమాట. అరవై ఏళ్ళుగా తనకు పుట్టినరోజే లేదన్నమాట. పోయిన పసివాడి మీద, ముఖం కూడా గుర్తులేని ఆ తమ్ముడి మీద ఈర్ష్య పుట్టింది.

తర్వాత ఇంకొకటి గుర్తొచ్చింది. లారీ మీద దూరాలు పోయేటప్పుడు తల్లి గడపలో నిలబడి ఎప్పుడూ ఒకే మాట అనేది: "ఇద్దరు పైలంగ పోయి రాండ్రి." ఇద్దరంటే తనూ, క్లీనరూ అనుకునేవాడు. క్లీనరు రాని రోజుల్లో కూడా ఆమె అదే మాట అంది. అప్పుడు తను నవ్వాడు. అమ్మకు చూపు మందగించింది, క్లీనరు లేడని కనబడలేదు అనుకున్నాడు. ఇప్పుడు ఆ అరుగు మీద కూర్చుని, అంత మీసమున్న మనిషి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తల్లి పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

సత్యమ్మ వీపు నిమిరింది. "నోటరీ తానికి ఎప్పుడు పోదాం కొడుకా? వదినె చెప్పిన మాటనే చెప్త. నాకేం పాపం అంటదు."

"ఒద్దత్తా," అన్నాడు.

తిరుగు దారిలో ఒకచోట కారు ఆపి, జేబులోంచి లైసెన్సు తీసి చూసుకున్నాడు. సర్కారును మోసం చేశానని ఇన్నాళ్ళూ మీసం దువ్వుకున్నాడే, అందులో రాసి ఉన్నది, ఏడాది అటో ఇటో, తన నిజమైన వయసే. బడి రాసుకున్నదీ, ఊరు చెప్పిందీ అబద్ధం. తను అబద్ధమనుకుని చెప్పింది నిజం. ఉన్న ఒక్క ఘనకార్యం కాస్తా అలా చేజారిపోయింది. నవ్వొచ్చింది, నవ్వుతూనే మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ బోర్డు ఈసారి కూడా దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు. దుమ్ము లేదని మాత్రం ఈసారి ఒప్పుకున్నాడు.

ఆదివారం దీక్షిత్ వచ్చేసరికి తండ్రీకొడుకులు హాల్లో ఉన్నారు. జనార్ధన్ లేచి, బనీను జేబులోంచి తాళంచెవి తీసి, కొడుకు ముందు బల్ల మీద పెట్టాడు.

"నాకు అరవై రెండే. లైసెన్సుల ఉన్నదే అసలు వయసు. మాటిచ్చిన, తీస్కో."

సందీప్ గెలిచాడు. కానీ తండ్రి ముఖం చూసి తాళంచెవి మీదికి చెయ్యి పోనివ్వలేదు. దీక్షిత్‌కు పాపం అనిపించింది. ఈ మనిషి కారు కడుగుతుండగా ఎన్నిసార్లో చూశాడతను.

"ఎందుకండీ అంత పట్టుదల? మీ మేనత్తగారు వచ్చి ఒక్క మాట అంటే సరిపోతుంది. యాభై ఎనిమిదని మొన్న మీరే చెప్పారు, మీ ఊళ్ళోనూ అందరూ అదే అంటారు కదా. ప్రీమియం తగ్గుతుంది, తాళమూ మీ దగ్గరే ఉంటుంది. ఇందులో మీరు చేసే తప్పేముందండీ?"

"ఆ వయసు నాది కాదు బాబూ. మా తమ్మునిది."

సందీప్ తల ఎత్తాడు. "ఏ తమ్ముడు బాపూ? నీకు తమ్ముడు ఎక్కడున్నడు?"

"ఉండె. మీ చిన్నాయిన," అన్నాడు జనార్ధన్. "వానికి నడకే రాలే బిడ్డా. వాని వయసు పెట్టుకొని నేను కారెట్ల నడుపుత?"