రోలరు ముందు నిమ్మకాయలు

శుక్రవారం ఉదయం ఏడూ పదికి బావ రోలరు ముందు రెండు నిమ్మకాయలు పెట్టాడు. ప్రతి శుక్రవారం పెట్టేవాడు. ఆయన మా అక్క భర్త. రోలరు పక్కన నడుస్తూ, తారు అంటుకోకుండా దాని ఇనుప చక్రాన్ని తడి గోనెతో తుడవడం ఆయన పని. ఆ రోడ్డుకి నేను సూపర్‌వైజర్ని. ఆయన్ని పనిలో పెట్టించింది నేనే.

నల్లపాడు అవతల, మిరప చేల మధ్య రోడ్డు వెడల్పు చేస్తున్నాం. కదిలే యంత్రం ముందు ఎవరూ నిలబడకూడదని బోర్డు ఉంది. మేమే పాతాం. అయితే నిమ్మకాయలు తొక్కించడాన్ని ఎవరూ యంత్రం కదలడం అనుకోలేదు. అది పూజ.

బావ కాయలు పెట్టి పక్కకి వస్తాడు. నేను రాయి మీద కొబ్బరికాయ కొడతాను. ఆ చప్పుడు వినగానే డ్రైవరు రోలరు కదిలిస్తాడు. పైన కూర్చున్నవాడికి చక్రం ముందున్న నేల కనపడదు.

వాననీళ్లు పోవడానికి రోడ్డుని పక్కకి వాలుగా వేస్తారు. ఆ రోజు ఒక నిమ్మకాయ దొర్లింది.

“చూశావా బావమరిదీ, మీ ఇంజినీరు వాలు బాగానే పెట్టాడు,” అన్నాడు బావ.

“తొందరగా కానీ బావా, తారు బండి వచ్చేసింది.”

“ఏందయ్యా, కాయ మీరు కొడతారా, నన్ను దిగి కొట్టమంటారా?” అన్నాడు డ్రైవరు పైనుంచి.

బావ నిమ్మకాయ సర్ది పక్కకి వచ్చాడు. నేను రాయి వైపు తిరిగాను. కాయ మళ్లీ దొర్లిందట, ఆయన మళ్లీ వంగాడట. నేను చూడలేదు. కొబ్బరికాయ కొట్టేవాడు కొబ్బరికాయనే చూస్తాడు. ఒక్క దెబ్బకి రెండు చెక్కలైంది.

చక్రం ఆయన తొడ దాకా ఎక్కి ఆగింది. గుంటూరు ఆసుపత్రికి వెళ్లే దారిలో, “డ్రైవర్ని ఏమీ అనబాకురా,” అన్నాడు. నా గురించి ఏమీ అనలేదు. ఆసుపత్రి చేరేలోపే పోయాడు.

ప్రమాదం కాగితంలో, కారణం అన్న గడిలో ‘కార్మికుని అజాగ్రత్త’ అని రాసి సంతకానికి నాకిచ్చారు. దాన్ని కొట్టేసి, ‘సూపర్‌వైజరు వెనక్కి చూడకుండా కొబ్బరికాయ కొట్టాడు’ అని రాశాను. అక్కకీ అదే చెప్పాను.  ఆమె, “కొబ్బరికాయ బాగా పగిలిందా?” అని అడిగింది. పగిలిందన్నాను.

నన్ను వేరే రోడ్డుకి మార్చారు. ఇక్కడ రోలరు చుట్టూ ఒకసారి నడిచి వచ్చి చెయ్యి ఎత్తుతాను. డ్రైవరు చెయ్యి చూసి కదిలిస్తాడు. శుక్రవారాలు నిమ్మకాయలు తొక్కించడం లేదు.